చెదలు తిన్న క్రియాపదం

సిద్ధరాములు ప్రశ్నలడిగే మనిషి కాదు. దాజీ పేటలో ఆయన్ని ఎరిగినవాళ్లంతా ఈ మాటే చెబుతారు. నలభై ఏళ్లు దాటినా నలుగురిలో గొంతెత్తి మాట్లాడింది లేదు. ఎవరైనా ఏదైనా చెబుతుంటే తల కాస్త పక్కకు వంచి వినేవాడు. అర్థం కానిది ఇంటికి తీసుకుపోయి భార్య చంద్రభాగను అడిగేవాడు. ఆమెకు అన్నీ తెలుసు. తెలియనివి కూడా తెలిసినట్టే చెప్పేది కాబట్టి ఆ ఇంట్లో ఏ సందేహమూ రెండు పూటలకు మించి నిలిచేది కాదు.

అలాంటి మనిషి మీద పంతొమ్మిది వందల ముప్పై అయిదులో సర్కారు కేసు పెట్టింది. ప్రమాదకరమైన ఆయుధంతో ఒక పెద్దమనిషిని గాయపరిచాడని నేరం.

ఆ ఏడు ఎండాకాలంలో సోలాపూర్‌లో మునిసిపాలిటీ ఎన్నికలు. వాటికి రెండు నెలల ముందు గల్లీల్లో పడుగు వేయరాదని ఒక హుకుం వచ్చింది. మగ్గం ఇంట్లోనే ఉంటుంది గాని పడుగుకు ఇల్లు చాలదు. నిలువు పోగులన్నిటినీ గల్లీ పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి పెద్ద కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. ఎండ ముదిరేలోపు పని తెమలాలి. దాజీ పేట, భవాని పేటల్లో గల్లీలు పుట్టిందే పడుగు కోసమని, మనుషులు వాటిలో నడవడం తర్వాత మొదలైందని అక్కడివాళ్ల నమ్మకం. హుకుంలో మాత్రం రాకపోకలకు అంతరాయమని రాసి ఉంది. అప్పటికి ఆ గల్లీల్లోకి వచ్చే మోటారుకారు ఒక్కటే. అది రావుసాహెబ్ దత్తాత్రిది.

దత్తాత్రి పరాయివాడేమీ కాదు. ఆయన తండ్రీ సిద్ధరాములు తండ్రీ కరీంనగర్ వైపునుంచి ఒకే గుంపులో నడుచుకుంటూ వచ్చినవాళ్లు. దత్తాత్రి నూలు వ్యాపారంలోకి దిగాడు, కలిసొచ్చింది. తర్వాత కుంఠా నాకా దగ్గర కరెంటు మగ్గాలు పెట్టాడు. వాటికి గల్లీతో పని లేదు. సర్కారు రావుసాహెబ్ బిరుదు ఇచ్చాక ఆయన మునిసిపాలిటీలో మెంబరయ్యాడు. పడుగు హుకుం మీద మిగతా సంతకాలతోపాటు ఆయన సంతకమూ ఉంది.

మళ్లీ గెలవాలి కాబట్టి భవాని పేటలో సభ పెట్టాడు. సగం తెలుగులో, సగం మరాఠీలో గంటన్నర మాట్లాడాడు. దవాఖానా తెస్తానన్నాడు. ఆడపిల్లలకు బడి తెస్తానన్నాడు. చివర, ఎప్పుడూ అనేటట్టే, రెండు చేతులూ చాచి అన్నాడు.

“ఎవరికన్న ఏమన్న అడిగేదుంటే అడుగుండ్రి. నేను మీ ఇంటోన్నే.”

సభలు ముగించే పద్ధతి అది. దండ వేసేవాడు ఆ మాట కోసమే కాచుకుని ఉంటాడు. అది విని ఎవరైనా నిజంగా లేచి అడుగుతారని ఆయనా అనుకోలేదు, పదేళ్లుగా వింటున్న జనమూ అనుకోలేదు. సిద్ధరాములు అనుకున్నాడు. ఆయన సభకు రావడం అదే మొదటిసారి. చంద్రభాగ చెప్పిన జవాబుతో కూడా తీరని సంగతులు కొన్ని పోగయ్యాయి, అందుకే వచ్చాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. “దత్తన్నా, గల్లీల పడుగు ఎయ్యొద్దంటిరి. మరి యాడ ఎయ్యాలె?”

రావుసాహెబ్ నవ్వి, అన్నిటికీ బందోబస్తు అవుతుందన్నాడు. సిద్ధరాములు కూర్చోలేదు. తమ నల్లాకు పొద్దున ఒక్క గంటే నీళ్లొస్తాయని, గంజి కాచుకోవడానికే అవి చాలవని, దత్తన్న బంగ్లా తోటకు ఎంతసేపు వస్తాయని అడిగాడు. అడగడంలో ఎత్తిపొడుపు లేదు. తోటకు ఎక్కువసేపు వస్తుంటే అందులో ఏదో కిటుకు ఉంటుందని, అది తనకూ చెబితే బాగుంటుందని ఆయన ఆశ.

మైదానంలో చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం సిద్ధరాములుకే ఇబ్బందిగా తోచింది. పాత రోజుల మాట ఒకటి ఎత్తితే అందరికీ తేలికవుతుందనుకున్నాడు.

“మీ నాయన పడుగు ఏ గల్లీల ఏసెటోడన్నా? మా నాయన చెప్పెటోడు గని నేను మర్సిన.”

ప్రేమగా అడిగిన ప్రశ్న అదొక్కటే. రావుసాహెబ్‌కు తగలరాని చోట తగిలిందీ అదే. ఆయన గ్లాసెడు నీళ్లు తాగాడు. సభ అయిపోయిందని సైగ చేశాడు. దండ మెడలో పడింది.

ముప్పైలో ఊరు సర్కారు మీద తిరగబడి గొడవలు జరిగినప్పటినుంచీ ఏ సభ జరిగినా ఒక పోలీసు మూలన నిలబడి రాసుకోవడం ఆ ఊళ్లో మామూలు. ఆ రాత ఇంగ్లీషులోకి మారి జిల్లా పోలీసు పెద్ద దొర బల్లమీదికి వెళ్లింది. దొరది స్కాట్లాండ్. చదివి, పక్కనున్న ఖాళీలో పెన్సిల్‌తో ఒక వాక్యం రాశాడు. రావుసాహెబ్‌ను ‘హెకిల్’ చేసిన ఈ నేతగాడెవరో విచారించండి అని దాని భావం. రాస్తూ నవ్వుకుని ఉంటాడని తర్వాత అందరికీ తోచింది. ఆయన దేశంలో అది రోజూ జరిగేదే. కానీ నవ్వు పెన్సిల్ రాతలో పడదు. కాగితం కిందికి దిగింది.

కింది కచేరీలో పని మరాఠీలో నడుస్తుంది. ఇంగ్లీషు కాగితాలను మరాఠీ చేసేవాడు వాసుదేవ్ పంత్ అనే గుమాస్తా. పదకొండేళ్ల సర్వీసులో ఒక్క తప్పు లేనివాడు. చొక్కా గుండీ, అక్షరం, అద్దాల తాడు అన్నీ ఆయన దగ్గర సరిగ్గానే ఉంటాయి. హెకిల్ అనే క్రియను మాత్రం ఆయన అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

కచేరీలో ఒక డిక్షనరీ ఉంది. అట్ట లేదు, మధ్యలో చెదలు. వాసుదేవ్ పంత్ ఆ మాటను ఒక పేజీ అడుగున, ఆఖరి వరుసల్లో పట్టుకున్నాడు. అవిసె నారనో జనపనారనో ఇనుప పళ్ల దువ్వెనతో చీల్చి దువ్వడం అని ఉంది. దాని తర్వాత రెండో అంకె ఉంది. ఆ అంకె పక్కన ఉండాల్సింది అవతలి పేజీలో ఉంది. అవతలి పేజీ లేదు.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. రావుసాహెబ్‌ను దువ్వడమేమిటి? కానీ మాట డిక్షనరీలో ఉంది, మనిషి చూస్తే నేతగాడు. ఒకదానికొకటి సాక్ష్యంగా నిలబడ్డాయి. పైగా దొర మామూలు సంగతికి పెన్సిల్ ఎత్తడు. ‘ఇనుప పళ్ల ఫణీతో రావుసాహెబ్‌ను గీరిన నేతగాడు’ అని అందమైన అక్షరాలతో రాశాడు. దొర మరాఠీ చదవలేడు గనక సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసిన ఠాణా ఫౌజ్‌దారు, తెల్లదొర అడిగాడంటే గాయం పెద్దదే అయి ఉంటుందనుకుని సెక్షను వేశాడు.

మూడో రోజు పొద్దున ఇద్దరు జవాన్లు సిద్ధరాములు ఇంటికొచ్చి ఫణీ ఇమ్మన్నారు. ఫణీ అంటే మరాఠీలో దువ్వెన. చంద్రభాగ తన తల దువ్వుకునే చెక్క దువ్వెన తెచ్చి ఇచ్చింది. ఇది కాదు, పెద్దది అన్నారు. ఇంట్లో ఉన్న రెండోది పేలు తీసే ఈర్పెన, అది ఇంకా చిన్నది. అదీ తెచ్చి చూపించింది. అప్పుడు పెద్ద జవాను చూపు మగ్గం మీద పడింది. పోగులన్నీ ఒక్కొక్కటిగా దూరి వచ్చే సన్నని పళ్ల చట్రం, తెలుగువాళ్లు పన్నె అనేది, అక్కడ వేలాడుతోంది. దీన్నేమంటారని జవాను అడిగాడు. మరాఠీలో అడిగారు కాబట్టి సిద్ధరాములు మరాఠీలోనే నిజం చెప్పాడు. ఫణీ అన్నాడు.

ఆ మగ్గం మీద తొమ్మిది గజాల చీర ఉంది, నాలుగు గజాలు నేశారు. పన్నెకు ఒక పక్క నేసిన బట్ట, మరో పక్క నేయాల్సిన పోగులు. పోగులు కోయకుండా పన్నె బయటికి రాదు. జవాను నడుము దగ్గరి చాకు తీశాడు. చంద్రభాగ అడ్డం వచ్చి అతని చేయి పట్టుకుంది. పోలీసు చేయి పట్టుకోవడమంటే ఏమిటో ఆమెకు ఆ నిమిషంలో గుర్తు లేదు.

“నువ్వు వంకర కోస్తవ్. నేనే కోస్త, ఆగు.”

ఆమె పోగులను పిడికెడు పిడికెడుగా విడదీసి, వరుస చెదరకుండా ప్రతి పిడికిటికీ ముడి వేసి, ఆ ముడికి ఇవతల ఒక్కో కోత కోసుకుంటూ వచ్చింది. గంటకు పైగా పట్టింది. జవాన్లు గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ చూశారు. చిన్న జవానుకు మనసు ఆగక ఒకటి రెండు ముడులకు వేలు అందించాడు. సిద్ధరాములు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కోత చప్పుడు వినిపించినప్పుడల్లా ఆయన మెడ చిన్నగా కదిలింది. పన్నెను గోనెగుడ్డలో చుట్టుకుని, ఆయన్నీ వెంటబెట్టుకుని జవాన్లు వెళ్లిపోయారు. సాయంత్రానికి భవాని పేట తెలుగు బడి మాస్టరు జనార్దన్ జామీను ఇచ్చి విడిపించుకొచ్చాడు.

సిద్ధరాములు రావుసాహెబ్‌ను దువ్వాడట, అందుకు కేసట అని పేటలో గుప్పుమంది. జనానికి ముందు నవ్వొచ్చింది. పెద్దవాళ్లను దువ్వడం అంటే తెలుగులో వేరే అర్థం కదా. పొద్దున లేచి కుంఠా నాకాకు పోయి రావుసాహెబ్‌ను దువ్వి వచ్చేవాళ్లు ప్రతి గల్లీలో నలుగురున్నారు. దువ్వడం నేరమైతే వాళ్లందరినీ వదిలి, దువ్వడం చేతకాని ఒక్కణ్ణి పట్టుకున్నారేమిటని చెప్పుకున్నారు. కోసిన పడుగును చూసి వచ్చినవాళ్లు మాత్రం నవ్వలేదు.

రావుసాహెబ్‌కు ఈ కేసు సంగతి అందరికంటే చివర తెలిసింది. గాయం చూపించమని జవాను ఇంటికొస్తే ఆయన మండిపడ్డాడు. కానీ పక్కనే ఉన్న ఆయన ఎన్నికల మనుషులు తొందరపడవద్దన్నారు. సర్కారే దాడి జరిగిందని అంటుంటే మనం కాదనడం మర్యాద కాదన్నారు. దెబ్బ తిన్నవాడికి ఓట్లు పడతాయని కూడా అన్నారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. మర్నాటినుంచి మెడకు కండువాలాంటి తెల్లటి ఉపర్ణె ఒకటి చుట్టుకుని తిరిగాడు. మే నెల అది. ఎవరైనా ఎలా ఉందని అడిగితే పరవాలేదనేవాడు. అది అబద్ధం కూడా కాదు.

జనార్దన్ మాస్టరుకు ఇరవై ఎనిమిదేళ్లు. చిన్న మనిషి, పెద్ద పట్టుదల. మరాఠీ సమన్లు చదివి దీని వెనక ఇంగ్లీషు మాట ఏదో ఉండాలని గ్రహించాడు. కచేరీకి పోయి వాసుదేవ్ పంత్‌ను అడిగాడు. ఆ మాట కనిపెట్టడం తన గొప్ప కాబట్టి పంత్ సంతోషంగా డిక్షనరీ తెరిచి చూపించాడు. మాస్టరు ఆ రెండో అంకెను చూశాడు, దాని పక్కనున్న ఖాళీనీ చూశాడు. అక్కడినుంచి నేరుగా ఊళ్లోని గ్రంథాలయానికి పోయి, అందరూ చదవడానికి భయపడే లావుపాటి డిక్షనరీ దించి, హెకిల్ మొత్తం రాసుకొచ్చాడు.

మొదటి అర్థం పంత్ చెప్పిందే. నార దువ్వే ఇనుప పళ్ల పనిముట్టు పేరునుంచి ఆ క్రియ పుట్టింది. రెండో అర్థం, సభల్లో నాయకులను ప్రశ్నలతో ఊపిరాడనివ్వకపోవడం. నారలో చిక్కులు ఎలా లాగుతారో, మాటల్లో చిక్కులు అలా లాగడమన్నమాట.

వాసుదేవ్ పంత్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకోకుండానే మాట్లాడాడు. “దొర సంతకం అయిపోయింది మాస్టర్. ఇప్పుడది నా తప్పు కాదు, సర్కారు అభిప్రాయం.” దాన్ని దిద్దాలంటే దొర చదవకుండా సంతకం పెట్టాడని కాగితం మీద రాయాలి. అలా రాసే గుమాస్తా ఎవడని ఆయన మాస్టరునే అడిగాడు.

విచారణకు రెండు రోజుల ముందు కులపెద్ద పెంటప్ప సిద్ధరాములు ఇంటికొచ్చాడు. రావుసాహెబ్ పంపాడని చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. దువ్విన అని ఒప్పుకో, చిన్న శిక్షతో పోతుంది, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. కోర్టులో ఆ ప్రశ్నల మాట ఎత్తితే మాత్రం సర్కారు దాన్ని రాజద్రోహం చేస్తుందని, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరని భయపెట్టాడు. మనిషిని ఇనుప దువ్వెనతో గీరడం కంటే ప్రశ్న అడగడం పెద్ద నేరమని సిద్ధరాములుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

“కని నేను దువ్వలే గదా పెంటప్పా,” అన్నాడు.

పెంటప్ప ఓపికగా, దువ్వలేదని అందరికీ తెలుసని, అందుకే ఒప్పుకోవడంలో ప్రమాదం లేదని చెప్పాడు. సిద్ధరాములు తల పక్కకు వంచి విన్నాడు. పెంటప్ప పోయాక, ఏం చేయాలని చంద్రభాగను అడిగాడు. ఆమె కోసిన పడుగు ముడులను బుట్టలో సర్దుతోంది. ఆ ఒక్కసారీ ఆమె, తెలియదు అంది. అంతకుముందు ఆమె నోట ఆ మాట ఆయన వినలేదు. కోర్టుకంటే దానికే ఎక్కువ భయపడ్డాడు.

విచారణ రోజు దాజీ పేటలో సగం మగ్గాలు ఆగాయి. మేజిస్ట్రేటు మరాఠీ ఆయన, ఎండకు విసిగిన మనిషి, కానీ ఒక్క అక్షరం వదలని మనిషి. ముందు గోనెగుడ్డ విప్పించి పన్నెను చేతిలోకి తీసుకున్నాడు. వేలితో పళ్లమీద మీటాడు. వీణ శబ్దం లాంటిదేదో వస్తుందనుకున్నాడేమో, రాలేదు. ఇది వెదురు కదా, కాగితంలో ఇనుము అని ఉందే అన్నాడు. పోలీసు వకీలు, కాగితం దొర సంతకం చేసిందని మాత్రం చెప్పగలిగాడు. ఈ పళ్ల మధ్య ఒక దారం కంటే లావుపాటిది పట్టదు, దీంతో మనిషిని గీరడం ఎలాగో చూపించమని మేజిస్ట్రేటు అడిగాడు. ఎవరూ ముందుకు రాలేదు.

అప్పుడు రావుసాహెబ్‌ను పిలిచారు. ప్రమాణం చేయించారు. గాయం ఎక్కడ అని అడిగారు. ఆయన మెడమీద చేయి పెట్టుకున్నాడు. విప్పండి అన్నాడు మేజిస్ట్రేటు. ఉపర్ణె ఒక్కో చుట్టూ విప్పుతుంటే హాలు మొత్తం ముందుకు వంగింది. ఆఖరి చుట్టు కింద చెమటకాయలు తప్ప ఏమీ లేవు.

రావుసాహెబ్ చెడ్డవాడు కాదు. ఊరికే ఉండి అబద్ధాన్ని పెరగనిచ్చాడు గాని, దేవుడి పేరు చెప్పి నోటితో అబద్ధమాడడం ఆయనకు చేతకాలేదు. తనకు ఏ గాయమూ కాలేదని, ఆ మనిషి తనను ముట్టుకోనైనా లేదని చెప్పాడు. మరి ఈ మాట ఎలా వచ్చిందని మేజిస్ట్రేటు కాగితం ఎత్తి అడిగాడు.

వెనక బెంచీమీద నుంచి వాసుదేవ్ పంత్ లేచాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. చొక్కా గుండీ సరిచూసుకుని, తన డిక్షనరీలో తర్వాతి పేజీ లేదని, ఉన్న సగం అర్థాన్నే తాను మొత్తం అర్థమని రాశానని, తప్పు తనదని చెప్పాడు. దొర పేరు ఎత్తలేదు. చెప్పి కూర్చోవడం మరిచిపోయాడు. పక్కనున్న మాస్టరు చేయి పట్టి కూర్చోబెట్టాడు.

మేజిస్ట్రేటు చాలాసేపు నవ్వును దగ్గుగా మార్చే ప్రయత్నం చేశాడు. తర్వాత సిద్ధరాములువైపు తిరిగి, దువ్వలేదు సరే, మరి ఏం చేశావన్నాడు. పెంటప్ప గుమ్మం దగ్గరనుంచి కళ్లతో వద్దని చెబుతున్నాడు. సిద్ధరాములు ఆ కళ్లు చూశాడు.

“అడిగిన సాబ్. అడుగుమన్నడు, అడిగిన.”

ఏం అడిగావన్నాడు మేజిస్ట్రేటు. ప్రశ్నలు మర్యాద తప్పినవేనా అని తేల్చాలంటే అవేమిటో రికార్డులోకి రావాలి. అలా ఆ మూడు ప్రశ్నలూ, మైదానంలో గాలికి పోవాల్సినవి, ప్రభుత్వ ఖర్చుతో, మరాఠీలోకి మారి, అంకెలు వేయించుకుని కాగితం మీద కూర్చున్నాయి. కోర్టు గుమాస్తా పడుగు అనే మాట ఎలా రాయాలని రెండుసార్లు అడిగాడు. ఒక్కో ప్రశ్న దగ్గరా మేజిస్ట్రేటు సాక్షిని అడిగాడు, మీరేం జవాబిచ్చారని. మొదటిదానికి బందోబస్తు అవుతుందని చెప్పానన్నాడు రావుసాహెబ్. ఏం బందోబస్తు అంటే ఇంకా అనుకోలేదన్నాడు. రెండోదానికి జవాబివ్వలేదన్నాడు. ఎంతసేపు వస్తాయి నీళ్లు, ఇప్పుడు చెప్పండి అంటే, రోజంతా అన్నాడు. గుమాస్తా కలం బరబరమంటూ రాసుకుపోయింది.

మూడోది చదివినప్పుడు రావుసాహెబ్ తల దించుకున్నాడు. ఉపర్ణెను మడతపెట్టి విప్పి మళ్లీ మడతపెట్టాడు. మేజిస్ట్రేటు ఆ ప్రశ్నతో కేసుకు సంబంధం లేదనబోతుండగా ఆయన నోటినుంచి తెలుగు మాట వచ్చింది, పక్కవాడితో చెప్పుకుంటున్నట్టు.

“మా ఇంటి ముంగటి గల్లీలనే. నేనే కుంచె పట్టెటోన్ని.”

ఏమన్నారు అని మేజిస్ట్రేటు మరాఠీలో అడిగాడు. రావుసాహెబ్ తల ఎత్తి, గుర్తు లేదండీ అని మరాఠీలో చెప్పాడు. రికార్డులో సాక్షికి గుర్తు లేదనే ఉంది. హాల్లో ఉన్న తెలుగువాళ్లు ఎవరూ దాన్ని దిద్దలేదు. సిద్ధరాములు మాత్రం చాలా రోజులుగా మరిచిపోయింది గుర్తొచ్చినట్టు తల ఊపాడు.

ప్రశ్న అడగడం నేరమని చట్టంలో ఎక్కడా లేదని, అడగమని పిలిచినప్పుడు అసలే కాదని మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. మధ్యాహ్నం పన్నెండుకు సిద్ధరాములు విడుదలయ్యాడు. పన్నె విడుదల కాలేదు. తీర్పు నకలు రావాలి, దాన్ని జప్తు సామాను ఉంచే మాల్‌ఖానా వాళ్లకు చూపాలి, వాళ్లు పెద్ద కచేరీని అడగాలి. నిర్దోషి అయిన మనిషి ఇంట్లో ఉంటే ఆయన ఆయుధం మూడు నెలల పాటు ఖైదులో ఉంది. చంద్రభాగ దాని కోసం నాలుగుసార్లు కచేరీ మెట్లెక్కింది. ఐదోసారి, వెదురుకు పురుగు పట్టిందని చెప్పి చేతికిచ్చారు. అరువు పన్నెతో పని గడిచింది గాని దాని పళ్ల లెక్క వేరు. కోసిన పడుగు దానికి కుదరలేదు. నేసిన నాలుగు గజాలు ఎవరికీ చీర కాలేదు.

ఎన్నికల్లో రావుసాహెబ్ గెలిచాడు, కిందటిసారి కంటే ఎక్కువ ఓట్లతో. దాడి జరిగిందని విన్నవాళ్లు జాలితో వేశారు, కోర్టులో నిజం చెప్పాడని విన్నవాళ్లు గౌరవంతో వేశారు. తగినంత పన్ను కట్టేవాళ్లకే ఓటు, సిద్ధరాములుకు లేదు. పడుగు హుకుంను ఎవరూ రద్దు చేయలేదు. దాని బోర్డు వానకు రంగు వెలిసింది, మళ్లీ రాయించలేదు. పొద్దునపూట రావుసాహెబ్ మోటారు గల్లీల్లోకి రాకుండా బయటి రోడ్డు మీదుగా పోవడం మొదలైంది. ఎందుకని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగకూడదని ఊరంతటికీ అప్పటికి తెలిసింది.

వాసుదేవ్ పంత్‌ను పాత కాగితాల గదికి మార్చారు. అక్కడ తర్జుమా పని లేదు. ఆయన సీటుకు కొత్త డిక్షనరీ మంజూరైంది. అది వచ్చేసరికి ఆ సీటులో కూర్చున్నవాడికి ఇంగ్లీషు రాదు. పంత్ అప్పుడప్పుడు ఆ గదినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, దాన్ని తెరిచి చదివి పోతుండేవాడట.

ఇక సిద్ధరాములు. ఆయన పేరు ఊళ్లో పాకిపోయింది. ఎవరు సభ పెట్టినా ముందు జనంలో ఆయన ఉన్నాడా అని వెతికేవారు. ఉంటే ఆఖరి వాక్యం మింగేసేవారు. ఒకసారి ఒక నాయకుడు తాంబూలం పంపి, ఎండగా ఉంది, సభకు శ్రమపడి రావద్దని కబురు పెట్టాడు. మెల్లగా ఆ పేటల్లో అడుగుండ్రి అనే మాటే సభల్లోంచి పోయింది. ఇంతా చేసి ఆయన ఎవరినీ ఇరుకున పెట్టాలని అడిగినవాడు కాదు. నల్లాకు ఇప్పటికీ గంటే నీళ్లొస్తున్నాయి, ఆ సంగతి ఎవరితో చెప్పాలో తెలియడం లేదు. ఇప్పుడు చాయ్ హోటలువాడిని పాలు ఎక్కడివని అడిగినా వాడు ముందు అటూ ఇటూ చూసేవాడు. ఆయన మరింత మాట తగ్గించేశాడు.

చలికాలంలో ఒక పొద్దున జనార్దన్ మాస్టరు బడికి పోతూ, పడుగు దువ్వుతున్న సిద్ధరాములు దగ్గర ఆగాడు. మిల్లులో పనిచేసే ఒక స్కాట్లాండ్ దొరతో మాస్టరుకు ఈ మధ్య పరిచయమైంది. హెకిల్ సంగతి అడిగితే ఆయన ఎంతో ఉషారుగా చెప్పాడట. వాళ్ల దేశంలో డండీ అని ఒక ఊరుంది. అక్కడ నార దువ్వే పనివాళ్లు ఉండేవారు. ఒకడు పేపరు గట్టిగా చదువుతుంటే మిగతావాళ్లు దువ్వుతూ వినేవారు. తర్వాత సభలకు పోయి నాయకులను నిలబెట్టి అడిగేవారు. వాళ్ల పనిముట్టు పేరే ఆ అడగడానికీ వచ్చిందని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారట.

సిద్ధరాములు కుంచె ఆపి విన్నాడు. అంత దూరంలో తనలాంటివాళ్లు ఉన్నారనుకుంటే ఆయన ముఖం కొంచెం విప్పారింది. వాళ్లిప్పుడు ఏం చేస్తున్నారని అడిగాడు.

“మిషన్లొచ్చినయి మామా. దువ్వెటోళ్ల పని పోయింది. మాటొక్కటే మిగిలింది.”

సిద్ధరాములు పడుగువైపు చూశాడు. గంజి ఆరిపోతోంది. అవతలి కొసన చంద్రభాగ కుంచె పట్టుకుని ఎదురుచూస్తోంది.

“మరి ఆళ్లు అడిగినయాటికి ఎవలన్న జవాబు చెప్పిండ్రా?”

అది ఆ దొరను అడగలేదని మాస్టరు ఒప్పుకున్నాడు. డిక్షనరీలో కూడా రాసి లేదన్నాడు. ఈసారి కలిస్తే తప్పకుండా అడుగుతానన్నాడు. వద్దులే, అడగకు, ఆయన మళ్లీ నీతో మాట్లాడడు అని సిద్ధరాములు చెప్పి, గంజిలో కుంచె ముంచాడు. ఎండ గల్లీ మలుపు దాటింది. చంద్రభాగ అవతలినుంచి కానియ్యమని చెయ్యి ఊపింది.